ఐదో బటను

డిస్కులో సినిమా మొత్తం యాభై రెండు నిమిషాలు ఉండాలి. ఆమె గడియారం ముందు పెట్టుకొని చూస్తే నలభై ఐదు నిమిషాలకే అయిపోయింది. రెండోసారి చూసింది. మళ్ళీ నలభై ఐదే. రక్తపరీక్షల ల్యాబులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, పెద్ద టెక్నీషియనుగా రిటైరైన మనిషి ఆమె. ఒకే నమూనాకు రెండుసార్లు ఒకే తేడా వస్తే అది పొరపాటున వచ్చిన తేడా కాదని ఆమెకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. బంధువులు చాటున ఆమెను కొలబద్ద అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇంతకంటే చెడ్డపేర్లు చాలా ఉన్నాయని ఊరుకుంది.

సినిమా అక్కది. అక్క పాతికేళ్ళు కుట్టుపని దుకాణం నడిపి, కిందటేడు మూత్రపిండాలు పాడై చనిపోయింది. చివరి రెండు నెలల్లో చెల్లెలే చిన్న కెమెరాతో ఆమెను మాట్లాడిస్తూ తీసింది. ఆరు భాగాలు: చిన్ననాటి ఫోటోలు, దుకాణం, కత్తెర పట్టే తీరు, వేళాకోళాలు, మాత్రలు మానేసిన సంగతి, చివరి మాటలు. అన్నిటిలోకీ ఐదోది ముఖ్యం. షుగరు మాత్రలు పక్కన పడేసి, ఊళ్ళో నాటుమందు పోసే చుక్కలాయన నాలుక మీద వేసే మూడు చుక్కల్ని నమ్ముకొని పదకొండు నెలలు ఎలా గడిపిందో, ఏం పోగొట్టుకుందో అక్క ఏడు నిమిషాలపాటు తన నోటితో చెప్పుకున్న భాగం అది.

ఆ ఏడు నిమిషాలకు ఇప్పుడు ఒక మనిషి ఎదురుచూస్తోంది. దుకాణంలో అక్క పక్కన కూర్చొని ఇరవై ఏళ్ళు కాజాలు కుట్టినావిడ. ఆమెదీ షుగరే. మూడు వారాల కిందట ఆవిడ కూడా మాత్రలు మానేసి చుక్కలాయన వరుసలో నిలబడుతోందని తెలిసి, కొలబద్ద వెళ్ళి రక్తంలో చక్కెర గురించి బొమ్మలు గీసి మరీ చెప్పింది. కాజాలావిడ శ్రద్ధగానే విన్నది. విని, నువ్వు చెబుతుంటే పాఠంలా ఉంది, మీ అక్క చెబితే మాత్రం వింటాను అన్నది. ఇప్పుడే చూపిస్తానంటే ఒప్పుకోలేదు. తనొక్కదానికోసం ప్రత్యేకంగా ఎందుకు, ఆదివారం గ్రంథాలయం హాల్లో సినిమా వేసి అందరికీ డిస్కులు ఇస్తారుగా, అప్పుడే చూస్తానన్నది.

ఆదివారానికి నాలుగు రోజులుంది. కొలబద్ద గళ్ళ కాగితం తీసుకొని పట్టిక గీసింది. నిలువునా మెనూలోని బటన్లు, అడ్డంగా రిమోటు మీద మీటలు. మెనూ చూడ్డానికి దర్జాగానే ఉంది. మెడలో టేపు వేసుకున్న అక్క ఫోటో, పక్కన చొక్కా గుండీల్లా ఒకదాని కింద ఒకటి ఆరు బటన్లు. ఒక్కొక్కటీ నొక్కి గళ్ళు నింపింది. ఒకటి నొక్కితే ఒకటి, రెండు నొక్కితే రెండు. ఐదు నొక్కితే ఆరో భాగం వచ్చింది. వరుసగా చూసినా నాలుగు అవగానే ఆరు. డిస్కును కంప్యూటర్లో పెట్టి ఫైళ్ళు తెరిచింది. ఐదో భాగం అక్కడే ఉంది, ఉండవలసినంత పరిమాణంలో. దాని దగ్గరికి వెళ్ళే దారి మాత్రం ఎక్కడా లేదు.

పట్టిక మడిచి సంచిలో వేసుకొని ఎడిటింగు షాపుకు వెళ్ళింది. గోడలకు గుడ్ల అట్టలు అతికించిన ఇరుకు గది. రెండు తెరలు, అటకదాకా పాత క్యాసెట్లు. హెడ్‌ఫోను మెడకు తగిలించుకొని కూర్చున్న ఎడిటరు ఆమెను చూడగానే లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. మెనూలో అక్షరాలు టీవీ అంచుల్లో తెగిపోకుండా లోపలికి జరపాలని, తయారైన డిస్కును కంప్యూటర్లో కాక మామూలు ప్లేయర్లో పరీక్షించాలని తనకు నేర్పిన మనిషే ఇలా చేతికొచ్చినట్టు పనిచేయడమేమిటని దులిపేసింది. అతను పట్టిక కేసి చాలాసేపు చూశాడు. వందల పెళ్ళిళ్ళ డిస్కులు చేశాను, ఇలా గళ్ళు గీసి పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరని గొణిగాడు. ఆ తరువాత తలవంచుకొని అసలు మాట చెప్పాడు.

"మీ బావగారు చెప్పారు మేడమ్. తీసెయ్యమన్నారు. నాకు మనసొప్పక చెరపలేదు. ఒక భాగం అయ్యాక ఎక్కడికి పోవాలో మేమే చెప్పాలి కదా. ఐదుకు బదులు ఆరుకు పొమ్మన్నాను. అంతే."

"అంటే ఉందనా, లేదనా?"

"ఉంది మేడమ్. కనబడదు."

"ఆ ముక్క మా అక్కతో చెప్పాల్సింది. తన మాటలు పోలేదని సంతోషించేది."

సరిచేయమని చెప్పి బయటికి వచ్చింది. షాపు బావగారి ఇంటికి దగ్గర కదా అని డిస్కు తెచ్చే పని ఆయనకు అప్పగించింది తనే. కొళాయి దగ్గర బిందెల వరుసను, మూతపడ్డ అక్క దుకాణాన్ని, ఎదురైన మనుషులను దేనినీ చూడకుండా నడిచింది. ఒళ్ళంతా మండుతోంది. చుక్కలాయన మీద కోపం పాతది, అరిగిపోయిన కోపం. ఇది కొత్తది. అక్క నోరు నొక్కింది పరాయివాడు కాదు.

బావగారు ముందుగదిలో అక్క కుట్టుమిషనుకు నూనె వేస్తున్నారు. ఎవరూ కుట్టని మిషనుకు ప్రతివారం నూనె వేస్తారు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఐదో భాగం ఏమైందని అడిగింది. ఆయన నూనెడబ్బా పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు.

"నలుగురిలో అదెందుకమ్మా? ప్రతి గురువారం స్కూటరు మీద ఎక్కించుకొని తీసుకెళ్ళింది వీడేనని హాలంతా నాకేసి చూడాలా?"

"చూడాలి. తీసుకెళ్ళింది మీరేగా."

"అది అడిగింది, తీసుకెళ్ళాను. కాదంటే బాధపడుతుందని."

"బాధపడితే ఎవరూ చచ్చిపోరు బావగారూ. షుగరుకు మందు వేసుకోకపోతే పోతారు. పోయింది."

ఆ మాట ఆయనకు తగలాలనే అన్నది. తగిలింది.  ఆమె ఆగలేదు. కాజాలావిడ సంగతి చెప్పింది, మీ పరువు కోసం ఇంకో మనిషిని వరుసలో నిలబెడతారా అని అడిగింది. ఆయన మిషను చక్రం మీద చెయ్యి వేశారు. ఇప్పుడు ఆయన గొంతులో కూడా కోపం ఉంది.

"నువ్వెంత కోశావు?"

"ఏమిటి?"

"అది నీకు ఫోను చేసిన సంగతి. నువ్వు తీస్తున్నప్పుడు నేనీ గుమ్మంలోనే ఉన్నాను, అంతా విన్నాను. నీ సినిమాలో అది లేదేం? నేను ఏడు నిమిషాలు దాస్తే మోసం. నువ్వు ఇరవై సెకన్లు దాస్తే ఎడిటింగా?"

 అక్కడ అక్క గొంతు స్పష్టంగా లేదని, విషయం పక్కదారి పడుతోందని అప్పుడు తనకు తాను చెప్పుకున్న కారణాలు ఉన్నాయి. అవి కారణాలు కావని ఇప్పుడే కాదు, కత్తిరిస్తున్నప్పుడే తెలుసు. చుక్కలాయన మాత్రలు మానెయ్యమన్న రోజు అక్క ఫోను చేసి నువ్వేమంటావే అని అడిగింది. నెలరోజులుగా వాదించి వాదించి విసిగిపోయిన చెల్లెలు, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో, నన్ను మాత్రం అడక్కు అని పెట్టేసింది. సైన్సు తెలిసిన మనిషిని అక్క అడిగిన ఆఖరి ప్రశ్న అది. ల్యాబులో ఫలితం నచ్చలేదని ఒక అంకె దిద్దిన జూనియరును ఆమె నెలరోజులు బెంచీ దగ్గరికి రానివ్వలేదు.

"రెండూ ఒకటి కావు," అన్నది చివరికి. "కానీ రెండూ ఉంటాయి. మీదీ, నాదీ."

"పెట్టుకో. ఆదివారం నేను రాను."

"మీ ఇష్టం," అనేసి ఆమె గిరుక్కున తిరిగింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. అక్కతో అన్నదీ ఆ మాటే, దానివల్ల ఏం జరిగిందో ఇప్పుడే కదా గుర్తుచేసుకున్నది. వెనక్కి వచ్చి, "కాదు. రండి. ముందు వరుసలో నా పక్కన కూర్చోండి. చూస్తే ఇద్దర్నీ చూస్తారు," అన్నది. అది బతిమాలడంలా లేదు.  ఆయన నూనెడబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కెమెరా క్యాసెట్టు పట్టుకొని షాపుకు వెళ్ళింది. ఎక్కడినుంచి ఎక్కడిదాకా కలపాలని ఎడిటరు అడిగితే, కోసిందంతా కలపమన్నది. అక్క గొంతు ఆ చిన్న గదిలో వినిపించింది. మా చెల్లికి ఫోను చేశాను, నీ ఇష్టం అని పెట్టేసింది, దాని కోపం నాకు తెలుసుగా, మళ్ళీ చెయ్యలేదు. ఇరవై సెకన్లు. వాటిని అతికించి, ఐదో బటనుకు ఐదో భాగాన్ని తగిలించి, నాలుగు తరువాత ఐదుకే పొమ్మని మార్చాడు ఎడిటరు. చేసిన తప్పుకు విరుగుడుగా ఒక ఉపాయం కూడా చెప్పాడు. ఆ భాగం నడుస్తున్నంతసేపూ రిమోటు పనిచేయకుండా కట్టెయ్యవచ్చట. ముందుకు తోసేద్దామన్నా కుదరదు, చచ్చినట్టు చూడాల్సిందేనట.

ఆమె వద్దన్నది. నోరు తెరిపించి చుక్కలు పోసే పని ఊళ్ళో ఒకాయన చేస్తూనే ఉన్నాడు, మనకెందుకన్నది.

డిస్కు తయారవగానే షాపు ఫోనునుంచే కాజాలావిడను పిలిచింది. ఆదివారందాకా ఆగితే మాత్రలు లేని రోజులు మరో మూడు, తన వల్ల కాదని చెప్పింది. ఆవిడ గంట తరువాత ఆయాసపడుతూ వచ్చింది. చూపుడువేలికి ఇంకా సూది గుచ్చుకోకుండా వేసుకొనే తొడుగు ఉంది. ఎడిటరు కుర్చీ ఇచ్చి రిమోటు చేతిలో పెట్టాడు. ఐదోది నొక్కమని చెప్పి కొలబద్ద గోడకు ఆనుకొని నిలబడింది. తెరకేసి చూడలేదు. ఆవిడ ముఖాన్నే చూసింది.

ఏడు నిమిషాల ఇరవై సెకన్లూ కాజాలావిడ కదల్లేదు. అయిపోయాక కళ్ళు తుడుచుకొని, చుక్కలాయన గురించి గానీ మాత్రల గురించి గానీ ఒక్క మాట అనకుండా, ఇటు తిరిగింది.

"అంత తెలిసినదానివి, అక్కతో ఆ మాట ఎందుకన్నావమ్మా?"

"కోపం వచ్చి."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ కోపంగానే ఉంది. ఆయన మీద, మా బావగారి మీద, నామీద, మీమీద కూడా. మాత్రలు సంచిలో ఉన్నాయా?"

కాజాలావిడ సంచి ఒళ్ళోకి లాక్కున్నది. సంచి మూతిని తొడుగున్న చేత్తో పట్టుకొని కూర్చుంది. మాత్రకు కావలసివస్తాయేమోనని ఎడిటరు లేచి మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాడు.