లోతు వైపు గొంతు

అమ్మ గొంతు మీది గడ్డ తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదని, గొంతు మాత్రం మునుపటిలా ఉండొచ్చు, ఉండకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ అంతా విని, "మాట్లాడ్డానికి చాలుతుందా?" అని అడిగింది. చాలుతుందని ఆవిడ అంది. అమ్మ సంచీ తీసుకుని లేచింది. బస్సు కోసం నిలబడ్డాక, నా వైపు చూడకుండా, "పాటకి చాలదన్నమాట" అంది.

మేము మడుగులో జమ్ము కోసి చాపలల్లుకుని బతికిన వాళ్లం. చుట్టుపక్కల వాళ్లు మమ్మల్ని జమ్మోళ్లంటారు. ఇళ్లలో మాకొక భాష ఉంది. బళ్లో ఆ మాట ఒకటి నోరు జారితే తరగతి మొత్తం నవ్వేది. అందుకే నాకు వింటే అర్థమవుతుంది, మాట్లాడబోతే నాలుక మడతపడుతుంది.

జమ్ము మనిషిని మించి పెరుగుతుంది. ఒక్కో దుబ్బునీ ఇద్దరు కోస్తారు, గట్టు వైపు నుంచి ఒకరు, లోతు వైపు నుంచి ఒకరు. మధ్యలో జమ్ము అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. కొడవళ్లు మాత్రం ఎదురెదురుగా వస్తుంటాయి. అందుకని పాడుకుంటారు. గట్టు వైపు మనిషి ఒక మాట అంటే లోతు వైపు మనిషి జవాబిస్తుంది. అవతలి గొంతు ఎక్కడుందో వినిపిస్తుంటే చేతులు తెగవు.

మా అమ్మది గట్టు వైపు. లోతు వైపు మా మేనత్త. పెళ్లయి వచ్చిన కొత్తలో నీళ్లంటే భయపడే అమ్మకి ఆ పాట నేర్పింది కూడా అత్తే. లోతు వైపు పాడేవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఇద్దరికీ మాటల్లేవు. మామయ్య పోయాక అత్త తన వాటా మడుగుని చేపల చెరువుల వాళ్లకి ఇచ్చేసింది. వాళ్లు కట్ట పోశారు. మా వైపు నీళ్లు రావడం ఆగిపోయి జమ్ము నిలువునా ఎండింది. గట్టు మీద నలుగురి ముందు అమ్మ అత్తని అనరాని మాటలంది. అత్త ఊరు వదిలి పట్నంలో లాండ్రీలో చేరింది. తర్వాత నన్నూ అక్కడే పనిలో పెట్టించింది, రోజూ బస్సులో వెళ్లొస్తాను. అమ్మ వద్దనలేదు, సరేననీ అనలేదు. ప్లాస్టిక్ పట్టీలతో చాపలల్లుతూ కూర్చుంది.

పాత పాటలు పట్టి దాచే ఆఫీసు ఒకటి పట్నంలో ఉంది. అక్కడి రికార్డింగ్ ఆయన మంచి మనిషి, బొద్దుగా ఉంటాడు, చెవులకి పెట్టుకునేవి ఎప్పుడూ మెడలోనే వేలాడుతుంటాయి. ఆపరేషన్ సంగతి తెలిసి, ఈలోగానే ఆ పాట రికార్డు చేసుకోవాలని మా ఇంటికి వచ్చాడు.

"రెండో ఆవిడకి వీలు కాకపోతే కంగారేం లేదమ్మా" అన్నాడు. "మీ వంతు మీరు పాడి, ఆవిడ మాటలు వచ్చే చోట ఖాళీ వదిలెయ్యండి. ఆవిడ తీరిక చూసుకుని వచ్చి ఆ ఖాళీల్లో పాడతారు. నేను కలిపేస్తాను. అతుకు కూడా తెలియదు."

అమ్మ అల్లుతున్న పట్టీ వదిలేసింది. ఆయన తప్పు మాట ఏమీ అనలేదు, ఆయనకి తెలియదంతే. ఖాళీలు వదిలి పాడటం మాలో ఉంది. జోడు మనిషి చనిపోతే మిగిలిన మనిషి నీళ్ల దగ్గర నిలబడి తన సగం పాడుతుంది, జవాబు రావలసిన ప్రతిచోటా ఊరుకుంటుంది. అలా ఒక్కసారే పాడతారు. ఆ తర్వాత ఆ పాట ఆ నోట రాదు, పోయిన మనిషి పేరు కూడా రాదు.

"ఆలోచించి చెబుతాను" అంది అమ్మ.

మర్నాడు లాండ్రీలో అత్త, నేను హోటల్ దుప్పట్లు మడతపెడుతున్నాం. అటు కొసలు ఆమెవి, ఇటు కొసలు నావి. లాగి, విదిలించి, కలిపి, మళ్లీ లాగడం.

"మీ అమ్మ ఎలా ఉందని నేను అడగను" అంది అత్త. "నువ్వూ చెప్పకు. ఊరికే అడుగుతున్నా, ఆపరేషన్ ఎప్పుడట?"

"వచ్చే వారం."

"కత్తి పెడితే భయపడుతుంది. నీళ్లలో జలగని చూసి నా మెడకి చుట్టుకున్న రకం అది."

రికార్డింగ్ సంగతి చెప్పాను. నువ్వు కూడా రావాలి అత్తా అన్నాను.

"నేను రాను. పిలవాల్సిన మనిషి పిలవలేదు. నిన్ను పంపించింది, అంతే."

"అమ్మ పంపలేదు. నేనే అడుగుతున్నా."

"ఇంకా బావుంది." కొసలు నా చేతిలో పెట్టింది. "ఖాళీలు వదిలి పాడుకోమను. నేను చచ్చాననుకోమను. బతికుండగా తన చావు పాట తను వినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?"

ఇస్త్రీ దగ్గరున్న వాళ్లు నవ్వారు. వాళ్లకి సంగతి తెలియదు, అత్త అన్న తీరుకి నవ్వారు. అత్త మాత్రం తర్వాతి దుప్పటిని రెండుసార్లు తిరగేసి మడతపెట్టింది.

సాయంత్రం అమ్మకి చెప్పాను. దాచాలని చూశాను గానీ నా మొహం చూసి అడిగింది.

"అలా అందా?"

"అంది."

"నవ్వుతూ అందా, ఏడుస్తూ అందా?"

"దుప్పటి మడతపెడుతూ అంది."

అమ్మ చాలాసేపు అల్లింది. అడ్డం పట్టీ ఒకటి తప్పు పడితే విప్పి మళ్లీ వేసింది. "సరే. తనే చెప్పింది కదా. ఖాళీలు వదిలే పాడతాను. పాట సగమైనా ఉంటుంది." ఆ మాటంటూ గొంతు మీద గడ్డని తడుముకుంది, అది అక్కడే ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

రికార్డింగ్ ఎప్పుడో అత్తకి చెప్పాను. ఆమె ఇంకో దుప్పటి అందుకుంది.

ఆఫీసులో చిన్న గది, గోడలకి మెత్తటి గుడ్డ కొట్టి ఉంది. ఒక పక్క గోడలో అద్దం, దాని అవతల యంత్రాల గది. మనుషులు కనపడితే నోరు పెగలదని అమ్మ తన కుర్చీని అద్దానికి వీపు పెట్టి వేయించుకుంది. నేను, రికార్డింగ్ ఆయన యంత్రాల గదిలోకి వచ్చి తలుపేసుకున్నాం. ఆయన మీట నొక్కబోతుండగా తలుపు మళ్లీ తెరుచుకుంది.

అత్త. లాండ్రీలో తలకి కట్టుకునే గుడ్డ అలాగే ఉంది.

"నేనొచ్చానని చెప్పకు" అంది నాతో. "నా చావు నేను చూసి పోతాను."

ఉన్న ఒక్క స్టూలు ఆమెకిచ్చాను. కూర్చోలేదు.

అమ్మ పాట ఎత్తుకుంది. మొదటి మాట చిన్నదే, 'ఇటున్నాను, ఎటున్నావు' అని అర్థం. చివర గొంతు పైకి లేచి ఆగిపోతుంది. జవాబు రావలసిన చోటు అది. అమ్మ ఊరుకుంది. అత్త పెదవులు బిగించి అద్దం లోంచి అమ్మ వీపుకేసి చూస్తోంది. ఆ ఖాళీ గడిచిపోయింది. ఇప్పుడు రెండో మాట రావాలి.

అమ్మ మళ్లీ మొదటి మాటే పాడింది. మళ్లీ ఆగింది. మళ్లీ అదే.

"తడబడుతున్నారు పాపం" అన్నాడు రికార్డింగ్ ఆయన. "ఫరవాలేదు, ముందుకెళ్లమని చెప్పనా?"

"తడబడటం లేదు" అంది అత్త. "అవతలి మనిషి పలక్కపోతే కొడవలి ఎత్తి పట్టుకుని ఆగాలి. పలికేదాకా అదే మాట పిలవాలి. చచ్చిన వాళ్లనైతే ఇలా పిలవరు."

లోపల అమ్మ ఇంకోసారి పిలిచింది. ఈసారి గడ్డ అడ్డుపడి గొంతు చీలింది. అయినా ఆ చీలిన గొంతుతోనే మళ్లీ ఎత్తుకుంది.

"ఇక్కడి మాట దానికి వినిపిస్తుందా?" అంది అత్త.

ఆయన ఒక బొత్తాం నొక్కి పట్టుకుని, మాట్లాడమన్నట్టు తలూపాడు. అత్త వంగి, ఆ యంత్రం మనిషైనట్టు దాని మొహంలోకి చూస్తూ జవాబు పాడింది. ఆలస్యంగా, శ్రుతి అందకుండా, కోపంగా పాడింది.

అమ్మ వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కిందికి దిగాయి. వెంటనే రెండో మాట అందుకుంది.

కాసేపయ్యాక రికార్డింగ్ ఆయనే ఆపించాడు. అత్త గొంతు స్పీకర్లోంచి వస్తోందని, అలా అయితే రికార్డింగ్ పాడైపోతుందని, లోపలికెళ్లమని అన్నాడు. అత్త తలగుడ్డ విప్పి నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది. వాళ్ల మాటలు నాకు యంత్రంలోంచి వినిపించాయి.

"వినపడలేదా ఇంతసేపు?" అంది అమ్మ.

"వినపడింది. నీ గొంతు బాలేదు, నువ్వు కాదేమో అనుకున్నా."

"అటు కూర్చో. లోతు వైపు నువ్వే కదా."

ఇద్దరూ వీపులు కలిపి కూర్చున్నారు. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరిది మొదలవుతుంటే రికార్డింగ్ ఆయన ఏదో సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని వినసాగాడు.

నడిమి భాగంలో ఒకచోట గట్టు వైపు మనిషి 'ముందేముంది' అని అడుగుతుంది. దానికి నేర్చుకున్న జవాబంటూ లేదు. లోతు వైపు మనిషి ఆరోజు తన కళ్లకి ఏది కనపడితే అది పాడాలి. పిట్టగూడుంటే గూడుందని, గుంట ఉంటే గుంట ఉందని. ఆ ఒక్క చోట అబద్ధం ఆడకూడదు, ఎందుకంటే అవతలి మనిషి ఆ మాట నమ్మి అడుగు వేస్తుంది.

అమ్మ అడిగింది. అత్త గూడుందని అనేసినా ఎవరూ అడిగేవాళ్లు లేరు. రికార్డింగ్ ఆయనకి భాష రాదు. అమ్మకి కావలసింది పాట పూర్తి కావడమే.

"కట్ట ఉంది" అని పాడింది అత్త. "నీళ్లు లేవు. పిట్టల్లేవు. కట్ట పోయించింది నేనే."

అమ్మ గుటక మింగిన చప్పుడు యంత్రంలోంచి వినిపించింది. అక్కడ గట్టు వైపు మాట ఎప్పుడూ ఒకటే, ముందు ఏమున్నా అదే పాడాలి. 'అయితే ఇటు తిరుగు, నేనున్నాను.'

అమ్మ ఆ మాట అంది. పాటలో ఎంత మెల్లగా ఉండాలో అంత మెల్లగానే అంది.

"ఏమన్నారు వాళ్లు?" అని అడిగాడు రికార్డింగ్ ఆయన నా వైపు వంగి. చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో అమ్మ మాట ముగియకుండానే దాని మీదికి అత్త మాట వచ్చేసింది. ఆగమని ఆయనకి చేత్తో చెప్పి వింటూ నిలబడ్డాను.