మత్తు ఎక్కలేదు

చిట్టికి ఓర్పు ఎక్కువ. ఈ మాట చిట్టి ఎప్పుడూ అనలేదు, ఆమె తరఫున వాళ్ళమ్మ అంటూ ఉంటుంది. మొదటి కాన్పులో కూతురు కిక్కురుమనలేదనీ, కుట్లు వేస్తుంటే కూడా పళ్ళ బిగువున పడుకుందనీ మూడేళ్ళుగా చుట్టాలందరికీ చెప్పింది. వినని చుట్టం ఎవరైనా మిగిలి ఉంటే ఫోన్ చేసి మరీ చెప్పింది.

అసలు సంగతి చిట్టి ఒక్కదానికే తెలుసు. అప్పుడు మత్తు ఇంజక్షన్ పనిచేయకముందే కుట్టేశారు. సూది దిగినప్పుడల్లా, దారం లాగినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయింది. చెబుదామంటే నోరు పెగల్లేదు. డాక్టరు విసుక్కుంటారేమో, అమ్మ పరువు పోతుందేమో అనుకుంది. ఆ తరవాత చాలాకాలం నిద్రలో ఉలిక్కిపడి లేచేది. అందుకే మళ్ళీ కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచీ ఆమెకు ఒకటే బెంగ. నొప్పులంటే కాదు, ఆ కుట్లంటే.

చిట్టి పనిచేసేది నీళ్ళ సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల కిటికీ దగ్గర. కుళాయి రావడం లేదని, పైపు పగిలిందని పొద్దస్తమానం జనం వచ్చి ఆమె మీద పడుతుంటారు. గొంతు చించుకున్నవాడి వీధికి పనివాడు ముందు వెళతాడు. "ఫరవాలేదమ్మా, వీలు చూసుకుని పంపండి" అన్నవాళ్ళకు వారమైనా దిక్కుండదు. పంపేది తనే కాబట్టి ఈ సంగతి ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. తెలిసి ఏం లాభం? తన వంతు వచ్చేసరికి ఆమె కూడా ఆ ఫరవాలేదమ్మల్లోనే కలిసిపోతుంది.

నెలలు నిండి ఆసుపత్రిలో చేరిన రోజు మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు. ఆ కాన్పు గదిలో అలసిపోని ప్రాణి వాడొక్కడే. డాక్టరమ్మ పొద్దుటి నుంచీ కూర్చున్న పాపాన పోలేదు. నర్సు కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతోంది. చిట్టి తల్లి స్టూలు మీద కూలబడి మోకాళ్ళు నొక్కుకుంటోంది. చిట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు, పిండి ఆరేసిన బట్టలా పడి ఉంది.

"కొంచెం చిరిగిందమ్మా, కుట్లు పడతాయి," అంటూ డాక్టరమ్మ ఇంజక్షన్ చేసింది. పక్కగదిలో ఇంకెవరో కేకలు పెడుతున్నారు. నర్సు అటు తొంగిచూసి, "అక్కడ దగ్గరపడింది మేడమ్," అంది. డాక్టరమ్మ గబగబా సూది అందుకుంది.

మొదటి పోటు చిట్టికి పూర్తిగా తెలిసింది.

నిజం చెప్పాలంటే, అప్పుడామెకు ధైర్యమేమీ పుట్టుకురాలేదు. ఓపిక అయిపోయింది, అంతే. ఇంకోసారి భరించే శక్తి లేదు. మంచిపిల్ల అనిపించుకునే శక్తి అసలే లేదు.

"ఆపండి," అంది.

డాక్టరమ్మ తలెత్తింది. "ఏమైంది?"

"మత్తు ఎక్కలేదు. నాకు తెలుస్తోంది."

"లాగినట్టు ఉంటుందిలేమ్మా. రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"లాగినట్టు కాదండీ. గుచ్చినట్టే ఉంది."

తల్లి లేచి వచ్చి కూతురి నుదుటి మీద చెయ్యి వేసింది. "మీరు కానివ్వండి డాక్టరుగారూ. ఓర్చుకుంటుంది. దానికి ఓర్పు ఎక్కువ."

చిట్టి ఆ చెయ్యి నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది.

"ఓర్చుకోనమ్మా," అంది. డాక్టరమ్మ వైపు చూసి, "పోయినసారి మత్తు ఎక్కకుండానే కుట్టారు. నేను నోరెత్తలేదు. ఇంకో ఇంజక్షన్ ఇవ్వండి. పనిచేసేదాకా ఆగండి. నేను సరేనన్నాకే కుట్టండి," అంది. గొంతు పెంచే ఓపిక ఎక్కడిది? రాసుకున్న ఫిర్యాదును తిరిగి చదివి వినిపించినట్టు చెప్పింది.

డాక్టరమ్మ చేతిలోని సూదిని ఒకసారి చూసుకుని ట్రేలో పెట్టేసింది. "పక్కగదికి ఇంకో డాక్టర్ని పిలువు," అని నర్సును పంపింది. మళ్ళీ ఇంజక్షన్ చేసింది. ఆగింది. తాకి, "తెలుస్తోందా?" అని అడిగింది.

"కొంచెం."

ఇంకాసేపు ఆగి మళ్ళీ అడిగింది.

"లేదు. ఇప్పుడు కుట్టండి," అంది చిట్టి. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఇంత సులువా అని ఏడుపొచ్చింది ఆమెకు.

వార్డులోకి మార్చాక తల్లి పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. అమ్మకు కోపం వచ్చిందనుకుని, సముదాయించే ఓపిక లేక, చిట్టి కళ్ళు మూసుకుంది.

తల్లి ఫోన్ మోగింది. పిన్ని. ఆవిడ గొంతు ఫోన్ లేకపోయినా వినపడుతుంది. "ఏమంటోందక్కా మన ఓర్పుగల తల్లి? ఈసారీ నోరు మెదపలేదా?"

"మెదిపింది. మత్తు ఎక్కలేదని చెప్పి మళ్ళీ ఇంజక్షన్ చేయించుకుంది."

"అమ్మో. డాక్టరు తిట్టలేదా?"

"లేదే. అడిగితే చేసింది."

 చిట్టి కళ్ళు తెరిచింది. తల్లి పిల్లాడి దుప్పటి అంచు మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది.

"మనల్నీ అలాగే కుట్టారు కదే," అంది చెల్లెలితో. "అడగొచ్చని మనకి తెలీలేదు."