ఎర్రచీర మలుపు

నీళ్లు పడ్డాయి. ఇసక వాసన లేచింది.

ఊళ్లో తొలకరికి వచ్చే వాసన కాదిది. ఇందులో కాస్త ఉప్పు, కాస్త డీజిలు, పక్క తోటలోని ఒంటెల దొడ్డి... అయినా మన్ను మన్నే. తడిస్తే ఎక్కడున్నవాళ్లనైనా పట్టి లాగుతుంది.

కబ్ద్‌లో — ఎడారి దేశంలో, నగరానికి దూరంగా ఉన్న తోటల్లో — శుక్రవారం మధ్యాహ్నం.

తోటల వెనక గుండ్రంగా ఒక మట్టిబాట. దాని మీద నీళ్ల ట్యాంకరు మెల్లగా తిరుగుతోంది. వెనక పైపుకున్న చిల్లుల్లోంచి నీళ్లు జల్లుగా పడుతున్నాయి. ఇంటి ముందు కళ్లాపి చల్లినంత శ్రద్ధగా చల్లుతున్నాడు మనిషి. మొగవాడి చేత కళ్లాపి చల్లించుకున్న ఎడారి ఇదొక్కటే కాబోలు అనుకుని నవ్వుకునేది మునిలక్ష్మి.

చల్లేవాడు ఆమె మొగుడు. సుబ్బన్న.

నీళ్లు చల్లడం అతని ఉద్యోగం. చల్లిన బాట మీద పందెం కారు తోలడం అతని పిచ్చి.

పిచ్చి కాకపోతే ఏమిటి? యాభై దాటిన మనిషి. మోకాళ్లు పట్టేసిన మనిషి. రాయచోటి దగ్గర ఊళ్లో మనవరాలున్న మనిషి. ముసలోడికి దసరా పండగ — అని మొదట్లో ఆమె తిట్టిపోసేది.

మొదట్లో...

మొదట్లో అతను తోలనే లేదు. చల్లి పక్కకు తప్పుకునేవాడు. చుట్టుపక్కల తోటలవాళ్లు తలా ఒక పాత కారు తెచ్చేవారు. అద్దాలు పీకేసి, తలుపులు వెల్డింగు చేసి, లోపల ఇనుప గొట్టాలు బిగించిన కార్లు. చలికాలమంతా ప్రతి శుక్రవారం పందెం. సుబ్బన్నకు వీసా ఇచ్చిన కఫీల్, తోట యజమాని బూ సాలెంకూ ఒక కారుండేది. ఒక శుక్రవారం దాన్ని తోలేవాడికి జ్వరమొచ్చింది. బూ సాలెం అటూ ఇటూ చూశాడు. ట్యాంకరు పక్కన నిలబడి పైపు చుడుతున్న మనిషి కనిపించాడు.

"యల్లా, సుబ్బన్!" పద, ఎక్కు అని.

అంతే. అలా మొదలైంది.

ఆ రోజు అందరికంటే వెనక వచ్చాడు. మలుపులో కారు గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి నిలబడింది. తోటల కూలీలంతా పడీ పడీ నవ్వారు. అతనూ నవ్వాడు. దిగేటప్పుడు మాత్రం కారు ముందుభాగం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు.

ఆ తట్టడం మునిలక్ష్మికి తెలుసు.

అతని నాయన ఎద్దులను అలా తట్టేవాడు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు ఎద్దులను తోలిన మనిషి ఆయన. బండ లాగినా, మధ్యలో చతికిలబడినా, ముందు ఎద్దును తట్టేవాడు. తర్వాతే తన చెమట తుడుచుకునేవాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎద్దుకు ఒక కన్ను మసకబారితే సంతకు తోలేవారు కాదు. గుడ్డికన్ను జోడెద్దు వైపు వచ్చేలా కాడి కట్టేవారు. మంచి కన్ను బయటికి. కనపడని వైపు జోడు చూసుకుంటుంది. రెండెద్దులకు మూడు కండ్లు చాలు — అనేవాడట ముసలాయన. పెళ్లయిన కొత్తల్లో సుబ్బన్న ఈ మాట చెబితే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఎద్దుల సంగతి ఆమెకెందుకు?

కారుకు పుల్లోడు అని పేరు పెట్టాడు సుబ్బన్న. నాయన తోలిన ఎర్రటి ఎద్దు పేరే.

పుల్లోడు మాట విన్నాడు.

ఒక చలికాలం పోయింది. ఇంకో చలికాలం వచ్చింది. మలుపులో తోక విసిరి, తడి మీద జారుతూ, పొడి మీద పట్టు దొరకగానే దూకడం — అది సుబ్బన్నకు అలవడింది. మొదటి తగరం కప్పు వచ్చింది. తర్వాత ఇంకోటి. అందులో ఒకదాంట్లో మునిలక్ష్మి పుదీనా నాటింది. కప్పులతో అన్నం ఉడుకుతుందా అంది. పుదీనా మాత్రం గుబురుగా పెరిగింది.

శుక్రవారమైతే చాలు, తోటల కూలీలంతా బాట చుట్టూ చేరేవారు. నిజామాబాద్ నుంచి వచ్చి పక్క తోటలో మేకలు కాసే దేవన్న గొంతు అందరికంటే పైన వినిపించేది.

"ఉరుకు సుబ్బన్నా, ఉరుకు! ఎవ్వడొస్తడో నేన్జూస్త!"

మునిలక్ష్మి దూరపు మలుపు దగ్గర కూర్చునేది. పాత టైర్ల గోడ, దాని వెనక ఇసక గట్టు, గట్టు మీద ఆమె. కారు ఎదురుగా దూసుకొచ్చినప్పుడల్లా కొంగు కళ్లకడ్డం పెట్టుకునేది. కొంగు సందులోంచి మాత్రం చూసేది. ఎంతైనా మొగుడు కదా.

ఇప్పుడు అసలు సంగతి చెప్పుకోవాలి. మునిలక్ష్మి నగరంలో, హవల్లీలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆ ఇంటి యజమానురాలు, అక్కడి మాటలో మామా, బూ సాలెంకు సొంత చెల్లెలు. పందెం ఉన్న శుక్రవారం తప్పకుండా మునిలక్ష్మిని పంపించమని అన్న చెల్లెలికి చెప్పాడు. గెలిచేవాడి పెళ్లాం పక్కనుంటే గెలుస్తూనే ఉంటాడని అతని నమ్మకం. రాయచోటి కరీముల్లా, పుల్లోడికి మరమ్మతు చేసే మెకానిక్కు, తన వానెట్ బండిలో, అంటే చిన్న ట్రక్కులో, ఆమెను తీసుకొచ్చి మళ్లీ దింపేవాడు.

పందెం ఉంటేనే శుక్రవారం. పందెం లేని ఎండాకాలమంతా ఆమె హవల్లీలో బట్టలు ఇస్త్రీ చేస్తూ, అతను కబ్ద్‌లో ఖర్జూరపు చెట్లకు నీళ్లు పెడుతూ... ఒకే దేశంలో, ఒకే ఎండలో, ఫోనులో కాపురం.

అందుకే తిట్టడం మానేసింది.

పోయిన చలికాలం నుంచి అతను కొత్త మాట ఒకటి మొదలుపెట్టాడు. ప్రతి గురువారం ఫోను చేసి అదే మాట.

"మే, రేపు ఆ ఎర్రచీర కట్టుకోని రా."

"ఎప్పుడూ అదేనా? ఇంక చీరలు లేవా నాకు?"

"అదైతేనే నాకు బాగుంటాది మే."

మదనపల్లెలో కొన్న చీర. పండిన మిరపకాయంత ఎరుపు. ఫోను పెట్టేశాక ఆమె ఒక్కతే నవ్వుకునేది. ఈ వయసులో ఇదేం సరసమమ్మా అనుకునేది. సిగ్గుపడేది — ఎవరూ చూడకపోయినా. చీర అంచు మాసిపోతుందని శుక్రవారం తప్ప దాన్ని తాకేది కాదు.

ఈ ఏడు పండగకు మామా ఆమెకు కొత్త బట్ట పెట్టింది. పాదాల దాకా జారే పొడవాటి గౌను. మెడ దగ్గర సన్నటి జరీ. ముట్టుకుంటే జారిపోతుంది.

ఇసక రంగు.

మొగుడికి చూపించాలనిపించింది. అంతే. అంతకంటే ఏమీ లేదు. ఒక్క శుక్రవారం ఎర్రచీర పెట్టెలో పెట్టి, ఆ గౌను తొడుక్కుని, మెరుస్తూ గట్టెక్కి నిలబడింది.

జెండా పడింది. కార్లు కదిలాయి. దుమ్ము లేచింది.

పుల్లోడు ముందున్నాడు. ఎప్పటిలా.

తిన్నని బాట మీద వస్తున్నాడు. వస్తున్నాడు. మలుపు దగ్గరపడింది. తిప్పాలి... తిప్పాలి...

తిప్పలేదు.

కారు సూటిగా ఆమె మీదికే వస్తోంది. అద్దం లేని ముందు కిటికీలోంచి అతని మొహం కనిపించింది. భయం లేదు ఆ మొహంలో. వెతుకులాట ఉంది. సంతలో పిల్ల తప్పిపోతే వెతికే మొహం.

"అయ్యో... ఏమయ్యా!"

ఆమె పక్కకు దూకింది. పుల్లోడు టైర్ల గోడను గుద్ది, గట్టు సగం దాకా ఎక్కి, పెద్దగా దగ్గి ఆగిపోయాడు.

ఇసక మెల్లగా కిందికి జారింది.

సుబ్బన్న కిటికీలోంచి బయటికి పాకాడు. దెబ్బల్లేవు. హెల్మెట్ తీసి చుట్టూ చూశాడు. మునిలక్ష్మి అతని ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఒంటి మీది ఇసకైనా దులుపుకోకుండా నిలబడింది.

అతను ఆమె మీదుగా చూశాడు. ఆమె పక్కగా చూశాడు.

"మునీ! యాడుండావే?"

ఆమెకు అర్థమైంది.

సరసం కాదు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అతను మలుపును చూసి తిప్పడం లేదు. ఎరుపును చూసి తిప్పుతున్నాడు. ఏడాదికి పైగా అతనికి మలుపంటే ఆమే.

"ఈడే ఉండాలే," అని అతని చెయ్యి పట్టుకుంది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. "బ్రేకు పట్టలేదప్పా," అన్నాడు సుబ్బన్న. కరీముల్లా కారు కిందికి దూరి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. బూ సాలెంతో అవునవును, బ్రేకే అన్నాడు. తిరుగుదారిలో, వానెట్ బండిలో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"బ్రేకు బాగుండాదక్కా."

"తెలుసు."

"కండ్ల ఆస్పత్రికి పోదామంటే ఇనడు. ఎడం కన్ను పూర్తిగా పోయినట్టుండాది. కుడిది దుమ్ములో పనిచెయ్యదు. డాక్టరు రాసిచ్చినాడంటే లైసెన్సు పాయ, ట్యాంకరు పాయ, ఇఖామా ఖలాస్, ఈడుండే పర్మిటే పోతాది. ఊరికి పంపిచ్చేస్తారని భయం."

కంటిపొరైతే తీస్తారు. పొర కాకపోతే?

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కన్ను పోయేంత కాటుక పెట్టుకున్నాం కదా అనుకుంది. ఇంకేమీ అనుకోలేకపోయింది.

"కొత్త గౌను మీ ఆయన చూశాడా, లక్ష్మీ?" మర్నాడు మామా అడిగింది.

"చూశాడు మామా."

"బాగుందన్నాడా?"

"అన్నాడు."

గురువారం దాకా ఆమె ఇస్త్రీ చేస్తూనే ఉంది. మడత మీద మడత. చీర కడితే మనిషి పోతాడేమో. కట్టకపోతే శుక్రవారం పోతుంది. పందెం పోతుంది, ఎందుకు మానేశావని నలుగురూ అడుగుతారు, అడిగితే ట్యాంకరు పోతుంది, మనిషి ఊళ్లో ఒక్కడే ఒక మూల... ఎటు మడిచినా ఒక కొస బయటికొస్తోంది.

ఒక్కటి మాత్రం లోపల గుచ్చుతోంది. అన్ని గురువారాలూ అతను పిలిచింది తననా, చీరనా?

కోపమొచ్చింది. ఏడుపొచ్చింది. మళ్లీ కోపం. ఆవిరి కళ్లలోకి కొట్టింది కాబట్టి తుడుచుకోవడానికి సాకు దొరికింది.

సాయంత్రం ఫోను మోగింది.

"మే..." అని ఆగాడు. "ఈ చలికి రేపే ఆకరి పందెం. కరీముల్లా బండి బాగు చేసినాడు."

"ఊ."

"ఎర్రచీర..."

"ఎంతమంది ఉండారయ్యా ఆ బాట చుట్టూ? ఎవరికైనా ఒక ఎర్రగుడ్డ ఇచ్చి నిలబెట్టుకోకూడదా?"

అవతల గాలి. ఎక్కడో ఒంటె అరిచింది.

"గుడ్డను నమ్మి యాడికని తోల్దు మే," అన్నాడు సుబ్బన్న. "నువ్వుండావంటే ఆడ గోడున్యా భయంల్యా."

ఆమె ఫోను చెవికి అలాగే పెట్టుకుని ఉంది, అది ఆగిపోయాక కూడా.

శుక్రవారం.

నీళ్లు పడ్డాయి. ఇసక వాసన లేచింది.

మునిలక్ష్మి వానెట్ దిగింది. ఒంటి మీద ఎర్రచీర. కరీముల్లా చూసి తల దించుకున్నాడు. మేకల దగ్గర్నుంచి దేవన్న చెయ్యి ఊపాడు. బూ సాలెం మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు, ఇవాళ గెలుపు మనదేనన్నట్టు. దూరపు మలుపు దగ్గర టైర్ల గోడ మళ్లీ కట్టారు. దాని వెనక గట్టు ఖాళీగా ఉంది.

సుబ్బన్న ట్యాంకరు పక్కన పెట్టి పుల్లోడిలోకి దూరాడు. వరసలో చివరి కారు. ఇంజన్ పలికింది. మెడ సాచి దూరపు గట్టు వైపు చూస్తున్నాడు. వెతుకుతున్నాడు. ఎరుపు ఇంకా లేవలేదు అక్కడ.

ఆమె గట్టు వైపు నడవలేదు.

తడి ఇసక మీద చెప్పులు కూరుకుపోతుంటే, కొంగు నడుముకు దోపుకుని, సూటిగా వచ్చి పుల్లోడి ముందు నిలబడింది. ఇంజన్ వేడి మోకాళ్లకు తగిలింది. అద్దం లేని ముందు కిటికీ నిండా ఎరుపు.

జెండా పడింది. ముందున్న కార్లన్నీ ఉరికాయి. దుమ్ము లేచి, తడికి తల వంచి, మళ్లీ కూర్చుంది.

సుబ్బన్న పెడల్ తొక్కలేదు.

"మునీ... నువ్వు ఆడ కదా ఉండల్ల?"

"ఈడుండా," అందామె. "ఈడే తిప్పు."

అతను తల వంచాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. ఎవరో అరుస్తున్నారు, యల్లా, యల్లా అని. బూ సాలెమో, ఇంకెవరో. పుల్లోడు ఒళ్లంతా అదురుతూ నిలబడి ఉన్నాడు.

అప్పుడు మునిలక్ష్మి పక్కకు జరిగింది. కారు ముందు నుంచి తప్పుకుని, చుట్టూ తిరిగి, అతని ఎడమ వైపుకు వచ్చింది. కనపడని కన్ను వైపుకు. కిటికీ మీద చెయ్యి వేసి, అతని భుజానికి తగిలేలా నిలబడింది.

ఇప్పుడు ఎదురుగా అడ్డం ఎవరూ లేరు. ఆ కొస దాకా తడి బాట... మలుపు దగ్గర ఖాళీ గట్టు.

సుబ్బన్న అటు చూస్తున్నాడు. అతని ఎడమ చెయ్యి స్టీరింగ్ వదిలింది. తడుముకుంటూ వచ్చి ఆమె చేతిని తట్టింది, మెల్లగా. కుడి చెయ్యి ఇంకా వదల్లేదు.

ఇంజన్ ఆగలేదు. కారు కదలలేదు.

ట్యాంకరు పైపులో మిగిలిన నీళ్లు ఒక్కొక్క బొట్టే పడుతున్నాయి. ఇసక వాసన...