ఊటీకి బయల్దేరిన సంచి

సోమవారం రాహుకాలం వెళ్ళగానే పుష్పలత జిప్పు సంచి ఒకటి చేత్తో పట్టుకుని వీధి దాటి వచ్చి, మాణిక్యమ్మ ముందుగదిలో మంచం మీద పెట్టింది.

"గురువారం దాకా ఇది ఇక్కడే ఉంటుంది మాణిక్యం. ప్రస్థానం," అంది.

ప్రస్థానం సంగతి మాణిక్యమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. తెనాలి మారీసుపేటలో ఆ వీధికంతటికీ చెప్పేది ఆవిడే. బయల్దేరే రోజు మంచిది కానప్పుడు ముందే ఒక మంచివేళ చూసి, ప్రయాణపు సంచి తీసుకెళ్ళి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో పెడతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తరవాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. నియమం ఒక్కటే. బయటపెట్టిన సంచి, ఊరెళ్ళి రాకుండా మళ్ళీ సొంత గడప తొక్కకూడదు. తొక్కిందా, ఇక ఆ ప్రయాణం మానుకోవాల్సిందే.

పుష్పలత ముప్పై ఏళ్ళు చెరుకుపల్లి హైస్కూల్లో సైన్సు చెప్పింది. గ్రహణం ఎలా పడుతుందో నిమ్మకాయా టార్చిలైటూ పెట్టి పిల్లలకి చూపించి, ఇంటికొచ్చి విడుపు స్నానం చేసేది. గురువారం దక్షిణానికి వారశూల, అటు బయల్దేరకూడదు. రైలేమో గురువారమే దొరికింది. ఊటీ ఉన్నదేమో దక్షిణాన.

"ఇంత వీధిలో నా ఇల్లే దొరికిందా?" అంది మాణిక్యమ్మ.

"మా ఇంటికి దక్షిణాన ఉన్నది మీ ఇల్లేగా. ఉత్తరం వాళ్ళింట్లో పెడితే సంచి కాశీ పోతుంది," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది పుష్పలత.

ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది. ఊటీ తోవలో మాణిక్యమ్మ ఇల్లుంది. మాణిక్యమ్మ మాత్రం లేదు.

ముప్పై ఆరేళ్ళ స్నేహం వాళ్ళది. కార్తీకమాసం వస్తే బాపట్ల వెళ్ళి సూర్యలంకలో కలిసి మునిగేవాళ్ళు. అల వచ్చినప్పుడల్లా మాణిక్యమ్మ పుష్పలత కొంగు గట్టిగా పట్టుకునేది. అలాంటిది ఇప్పుడు ఊటీకి తోడెవరయ్యా అంటే రేపల్లె హిమబిందు. పుష్పలత రిటైరయ్యే ముందు నాలుగేళ్ళు ఆ బళ్ళోనే లెక్కలు చెప్పిన టీచరు. నలభై ఐదేళ్ళుంటాయి. "మేడమ్, మేడమ్" అంటూ రోజుకి మూడు ఫోన్లు. ఆ ఫోనొస్తే చాలు, మాణిక్యమ్మ చెబుతున్న మాట సగంలో ఉండగానే పుష్పలత గోడవైపు తిరిగి నవ్వడం మొదలుపెడుతుంది. ఆ గోడవైపు ఏముందో మాణిక్యమ్మకి నాలుగేళ్ళుగా అంతు చిక్కలేదు.

నన్నెందుకు పిలవలేదని అడుగుదామంటే మొహం చెల్లదు. రెండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి రామేశ్వరానికి టిక్కెట్లు తీసుకున్నారు. తెనాలి స్టేషన్లో రైలొచ్చి ఆగింది. పుష్పలత ఎక్కింది. మాణిక్యమ్మ కాళ్ళు ప్లాట్‌ఫారానికి అతుక్కుపోయాయి. "నువ్వెళ్ళు పుష్పా, నా వల్ల కాదు," అని ఏడ్చింది. పుష్పలత రెండు సంచులూ పట్టుకుని దిగిపోయింది. రైలు వెళ్ళిపోయింది. ఒక్క మాటనలేదు. కాఫీ ఇప్పించి, ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. ఆ కాఫీ రుచి మాణిక్యమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. అందుకే అడగలేదు. అడగలేదు కాబట్టే కడుపు మరీ మండింది.

మంగళవారం పక్కింటి దిల్షాద్ అరుగు మీద మిషన్ కుడుతూ పలకరించింది. "ఏం పిన్నీ, ఊటీకి మీ సంచి కూడా సర్దారా?"

"నాకెందుకమ్మా ఊటీ. ఆ చలి నా మోకాళ్ళకి పడదు."

"పిలవలేదా ఏంటి మిమ్మల్ని?"

"నీ దారం తెగింది, చూసుకో," అని లోపలికొచ్చేసింది మాణిక్యమ్మ. దారమేమీ తెగలేదు.

మధ్యాహ్నం కొడుకు సుధీర్ మందుల షాపు నుంచి భోజనానికి వచ్చి వెళ్ళాక, ఆవిడ మంచం మీద కూచుని ఆ సంచినే చూసింది. చీమలు గానీ పట్టాయేమోనని తనకి తాను చెప్పుకుని జిప్పు లాగింది. చీమల్లేవు. నాలుగు చీరలు, కొబ్బరినూనె సీసా, తెల్లారి నీళ్ళల్లో వేసుకునే మెంతుల డబ్బా. అన్నిటి కిందా రెండు మంకీ క్యాపులు, కొత్తవి, ఊదారంగువి, ఒకే పోలిక. రెండో టోపీ ఎవరి నెత్తికో వేరే చెప్పాలా? పుష్పలతా తనూ ఏనాడైనా ఒక రంగు చీరలు కట్టారా? "స్కూలు పిల్లల్లా అదేంటి" అని కొట్టిపారేసేది కదా ఈ మనిషే.

జిప్పు వేసింది. కానీ మనసుకి జిప్పు పడలేదు. సంచి ఏమంత బరువు లేదు. వీధి దాటితే పది అడుగులు. ఏదో ఒక సాకు చెప్పి తీసుకెళ్ళి పుష్పలత గడపలోపల పెట్టేస్తే చాలు. సైన్సు టీచరైనా సరే, ఇక ఊటీ పేరెత్తదు. ఆ ఆలోచన వచ్చినందుకు చెంపలు వేసుకుని, వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళ ప్రయాణానికే కందిపొడి కొట్టింది. ఎండుమిరపకాయలు నాలుగు ఎక్కువే పడ్డాయి.

బుధవారం సాయంత్రం రేపల్లె రైలు దిగి హిమబిందు రానే వచ్చింది. వచ్చిన అరగంటకి మాణిక్యమ్మ గుమ్మంలో నిలబడింది, నవ్వుతూ.

"పిన్నిగారూ, బాగున్నారా? మేడమ్ స్నానానికెళ్ళారు. నా స్వెటరు ఆవిడ సంచిలో పెడదామని. సంచి మీ ఇంట్లో ఉందన్నారు, ఇస్తారా, తీసుకెళ్తాను."

మాణిక్యమ్మకి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఈ పిల్లకి ప్రస్థానం సంగతి తెలీదు.

వద్దని ఒక్క మాట చాలు. స్వెటరు ఇక్కడే పెట్టుకోమంటే సరిపోతుంది. కానీ ఆ మాట గొంతులోనే చల్లగా కూచుంది. తను చెయ్యక్కర్లేదు. తన చెయ్యి తగలక్కర్లేదు. ఆ మంకీ క్యాపుల మనిషే తన చేత్తో సంచి గడప దాటిస్తుంది. పుష్పలత కోపం కూడా ఆవిడ మీదికే పోతుంది.

"తీసుకో అమ్మా," అంది మాణిక్యమ్మ. "మంచం మీదుంది."

"థాంక్సండి. మీ కందిపొడి గురించి మేడమ్ ఒకటే చెప్పడం," అంటూ హిమబిందు సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

మాణిక్యమ్మ గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది. హిమబిందు వీపు. దాని మీద సంచి. సంచి ఇంటికి తిరిగి వెళ్ళిపోతోంది.

అప్పుడు కళ్ళముందు ఇంకో సంచి ఆడింది. పందొమ్మిదేళ్ళ కిందట ఆవిడ భర్త ప్రకాశరావు బాపట్లలో పెళ్ళికని పొద్దున్నే బయల్దేరాడు. వీధి మలుపు దాకా వెళ్ళిన మనిషిని, కళ్ళజోడు పెట్టె మర్చిపోయాడని, "ఏవండీ" అని వెనక నుంచి పిలిచింది. "వెనక్కి పిలుస్తావేంటే" అని విసుక్కుని, పెట్టె తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం మూడింటికి ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన వచ్చి, ప్రకాశరావు సంచి తెచ్చి గడప మీద పెట్టాడు. ముందు సంచి వచ్చింది. మాట తరవాత వచ్చింది. మనిషి సాయంత్రానికి వచ్చాడు, నలుగురి భుజాల మీద. ఆనాటి నుంచి వెళ్ళేవాళ్ళని మాణిక్యమ్మ వెనక నుంచి పిలవలేదు. ఎవరు ఊరెళ్ళినా ముందే వీధిలోకి పోయి, ఎదురుగా నిలబడి సాగనంపుతుంది.

ఇప్పుడు పిలవాలి. నోరు తెరిచింది. వెనక నుంచి పిలవకూడదని మూసేసింది.

హిమబిందు నడి వీధిలో ఉంది. ఎవరి పుణ్యమో, దిల్షాద్ అరుగు మీద నుంచి ఆపింది. "ఏవండీ, ఆ జాకెట్టు చేతులు ఎక్కడ కుట్టించారు? రేపల్లెలోనేనా?"

"ఇదాండీ? మా ఇంటి దగ్గరేనండి, ఎందుకూ, బాగోలేదా?"

"బాగుంది, బాగుంది. చంక కింద కాస్త లాగుతోంది."

ఆ మాట పూర్తయ్యేలోపు మాణిక్యమ్మ చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. ఆరునెల్ల నుంచి పెరట్లోకి వెళ్ళడానికే గోడ పట్టుకునే మనిషి, వాళ్ళిద్దరినీ చుట్టుతిరిగి దాటిపోయి, పుష్పలత గేటు ముందు రెండు చేతులూ చాపి నిలబడింది. ఊపిరి అందడం లేదు.

హిమబిందు పకపకా నవ్వింది. "ఏంటి పిన్నిగారూ, కబడ్డీనా?"

"లోపలికి తేకమ్మా. సంచి లోపలికి రాకూడదు."

తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చిన పుష్పలత తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. సంచి చూసింది. చాచిన చేతులు చూసింది.

మాణిక్యమ్మ రొప్పుతూ ప్రస్థానం సంగతి చెప్పింది. హిమబిందు సంచిని గేటుకి ఇవతలే గట్టిగా పట్టుకుంది. "అయ్యో, మా ఇంట్లో ఇవన్నీ పాటించరండి, నాకు తెలీదు. మీరు ఇచ్చేటప్పుడే చెప్పుంటే అసలు తెచ్చేదాన్ని కాదు కదా."

దిల్షాద్ మిషన్ ఆగింది.

"బిందూ, సంచి తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టిరా. స్వెటరు అక్కడే పెట్టుకో," అంది పుష్పలత. హిమబిందు అటు వెళ్ళాక తను మెట్లు దిగి గేటు దగ్గరికి వచ్చింది. "నీకు తెలిసే ఇచ్చావు."

"ఆ."

"ఎందుకు?"

మాణిక్యమ్మ కాళ్ళవైపు చూసుకుంది. కుడికాలి బొటనవేలి దగ్గర చిన్న రాయి గుచ్చుకుని రక్తం వస్తోంది. "నన్ను పిలవలేదు కదా."

"పిలిస్తే వచ్చేదానివా?"

"రాను."

"మరి?"

"పిలవాలి కదా."

పుష్పలత వంగి తువ్వాలు అంచుతో ఆ కాలి రక్తం తుడిచింది, కాస్త గట్టిగానే. "ముసలిదానివయ్యావు గానీ బుద్ధి రాలేదు," అంది. లోపలికి రమ్మని అనలేదు. మాణిక్యమ్మ వెళ్ళనూ లేదు.

గురువారం మధ్యాహ్నం ఆటో వచ్చింది. సంచి ఎవరి చేతికీ ఇవ్వకుండా మాణిక్యమ్మే తెచ్చి సీటు మీద పెట్టింది. కందిపొడి సీసా పక్కజేబులో దోపింది. హిమబిందు, "పిన్నిగారూ, ఫొటోలు పంపిస్తానండి," అంది. పంపించకపోయినా ఫర్వాలేదనుకుంది మాణిక్యమ్మ. ఆ టోపీల్లో ఇద్దరినీ చూడాలేమో మరి.

ఆటో కదిలే దోవకి ఎదురుగా వెళ్ళి, ఎప్పటిలాగే నిలబడింది. వాళ్ళు తిరిగొచ్చేది పదకొండు రోజులకి. పదకొండు రోజుల్లో ఏమైనా జరగొచ్చు.

పుష్పలత ఆటోలోంచి తల బయటపెట్టింది. అరుగుల మీద కూచున్నవాళ్ళందరికీ వినపడేలా, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో అడిగింది.

"మాణిక్యం, ఊటీ వస్తావా?"

మాణిక్యమ్మ కొంగు సర్దుకుంది. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూసింది.

"రానమ్మా. ఇంట్లో బోలెడు పనులున్నాయి. నువ్వు వెళ్ళిరా."

ఆటో మాణిక్యమ్మ పక్కనుంచి వెళ్ళి మలుపు తిరిగింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆగి, కళ్ళు తుడుచుకుని, కుంటుకుంటూ ఇంటికి నడిచింది.

దిల్షాద్ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అంది. "వెళ్ళిపోయారా పిన్నీ?"

"వెళ్ళింది. నన్ను రమ్మంది," అంది మాణిక్యమ్మ. "నేనే వెళ్ళలేదు."