సేఫ్టీకి ఇంకొకటి

ఐదోసారి కూడా పిన్ని మెట్ల మీద నుంచి బాగానే పడింది. ఆ సంగతి సెట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు కెమెరామన్. రెండోవాడు ఆయన పక్కన నిలబడి లెన్సు తిప్పే ఫోకస్ అసిస్టెంటు.

ఈ రెండోవాణ్ణి యూనిట్లో అందరూ టేపు అంటారు. కెమెరాకీ మనిషికీ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ కొలత ప్రకారం లెన్సు తిప్పి, మొహం మసకబారకుండా చూడటం అతని పని. ఇరవై రెండేళ్ల సర్వీసు. కొలత జానెడు తప్పితే మనిషి మసకైపోయి వెనకున్న గోడ నిక్షేపంలా కనిపిస్తుంది. ఐదు టేకుల్లోనూ జరిగింది అదే.

తప్పు పొద్దున్నే జరిగింది. షాట్లో పెద్ద నటుడు ఇంటి యజమాని, యూనిట్ అంతా పిన్ని అని పిలిచే జూనియర్ ఆర్టిస్టు పనిమనిషి. ఆయన గుమ్మంలోంచి గెంటితే ఆవిడ నాలుగు మెట్లు దొర్లి, కింద పడి, తలెత్తి చూడాలి. పెద్ద నటుడు నిలబడే చోటు టేపు మూడుసార్లు కొలిచాడు. ఆయన ముక్కు నుంచి ఒకసారి, కంటి నుంచి ఒకసారి, అనుమానం తీరక ఇంకోసారి. పిన్ని పడే చోటు మాత్రం కంటితో చూసి అంచనా వేసేశాడు. జూనియర్ ఆర్టిస్టును నేల మీద పడుకోబెట్టి ఎవరు కొలుస్తారు? అంత తీరిక ఎవరికుంది?

అంచనా తప్పింది. ఇప్పుడు వెళ్లి కొలిస్తే సరిపోతుంది, అర నిమిషం పని. కానీ ఇప్పుడు టేపు బయటికి తీస్తే, ఇంతవరకూ కొలవలేదని తనంతట తాను చాటుకున్నట్టే. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. టేకు టేకుకీ లెన్సు మీద చెయ్యి కాస్త అటూ ఇటూ జరిపి చూస్తున్నాడు. చీకట్లో బాణం వేసినట్టే ఉంది.

కెమెరా వాళ్లకు ఒక కట్టుబాటుంది. ఫోకస్ పోయిందని పైకి అనరు. "సేఫ్టీకి ఇంకొకటి తీద్దాం సార్," అంటారు. తమ తప్పు తమ గుడారం దాటనివ్వరు. పాపం, డైరెక్టరుకేమో ఇంకొకటి ఎందుకో ఒక కారణం కావాలి. ఎండ పడుతున్న ఆ చిన్న మానిటర్లో ఆయన పెద్ద నటుణ్ణి తప్ప ఇంకెవరినీ చూడడు. పెద్ద నటుణ్ణి ఏమీ అనలేడు, కెమెరామన్ను అంతకన్నా అనలేడు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"ఏం పడటమమ్మా అది? మూట దొర్లినట్టుంది! సార్ రెండింటికి వెళ్లిపోవాలి. నీకోసం ఎన్నిసార్లు గెంటాలాయన?"

"ఈసారి బాగా పడతాను బాబూ," అంది పిన్ని.

యాభై దాటిన మనిషి. ఎవరికి నడుము పట్టేసినా తన సంచీలోంచి మందు తీసి రాసేది ఆవిడే. 'పడ్డందుకు కూలి ఇస్తారు, లేవడం మాత్రం నా సొంత ఖర్చు' అని నవ్విస్తుంది కూడా. ఇవాళ నవ్వించలేదు. మోకాలు నిమురుకుంటూ నేరుగా టేపు దగ్గరికే వచ్చింది.

"నాయనా, నువ్వు కెమెరా పక్కనే ఉంటావు కదా. నేనెక్కడ తప్పు చేస్తున్నానో కాస్త చెప్పు. వాళ్లు తిడతారే గానీ చెప్పరు."

కెమెరామన్ ఇటే చూస్తున్నాడు. టేపు నిజం చెప్పేద్దామనుకున్నాడు. చెబితే రేపటి నుంచి పిలిచేవాడుండడు, ఈ వయసులో ఇంకో పని రాదు. నోరు దానంతటదే అబద్ధమాడేసింది.

"కొంచెం ఎడమకి పడు పిన్నీ."

"అంతేనా? ముందే చెప్పొద్దూ!" అంది పిన్ని. ఆ మొహంలో వెలుగు చూడలేక అతను తల దించుకున్నాడు.

ఆరోసారి ఆవిడ ఎడమకే పడింది. ఎడమవైపు మెట్టు అంచు మొన తేలి ఉంది. ఎముకకు రాయి తగిలిన చప్పుడు కెమెరా దాకా వినబడింది. అయినా పిన్ని తలెత్తి చూడాల్సిన చూపు చూసింది. కట్ అన్నాకే మోచెయ్యి పట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది.

"సేఫ్టీకి ఇంకొకటి," అన్నాడు కెమెరామన్, కాస్త గొంతు తగ్గించి.

"మళ్లీనా! నీతో కాకపోతే చెప్పమ్మా, ఇంకొకర్ని పిలిపిస్తాను!" అరిచాడు డైరెక్టర్. "ఆ మోచెయ్యి కనబడకుండా చూసుకో!"

"లేదు బాబూ. ఇంకాస్త ఎడమకి పడాలేమో," అంటూ లేవబోయింది పిన్ని.

టేపు లెన్సు మీద నుంచి చెయ్యి తీసేశాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోతున్నాయి.

"పిన్ని తప్పేం లేదు సార్. ఫోకస్ పోయింది. ఆరుసార్లూ నావల్లే పోయింది. ఆవిడ పడే చోటు నేనసలు కొలవలేదు."

"నోర్ముయ్ రా," అన్నాడు కెమెరామన్ పళ్లు బిగబట్టి.

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. "నీ సంగతి సాయంత్రం చూస్తాను. ముందు కొలిచి తగలడు. పిన్నీ, పైకెళ్లు. ఇదొక్కటే."

పిన్ని ఆయన వైపు చూడలేదు.

"నన్ను ఎడమకి పడమన్నప్పుడు," అని టేపును అడిగింది, "తప్పు నాది కాదని నీకు తెలుసా నాయనా?"

"తెలుసు పిన్నీ."

ఆవిడ తల ఊపింది. కింది మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది.

"నేనింక పడను," అంది.

"ఇవాళ్టి కూలి పోతుంది మరి!" అన్నాడు డైరెక్టర్.

"పోనివ్వండి బాబూ. మోచెయ్యి నాది."

పై మెట్టు మీద పెద్ద నటుడు, గెంటడానికి మనిషి లేక, చాచిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాడు. టేపు జేబురుమాలు తీసి పిన్ని వైపు ఒక అడుగు వేశాడు.

"నువ్వక్కడే ఉండు," అంది పిన్ని.