పన్నెండు గేర్ల మర్యాద

టెహరానుకు తూర్పున తేలో కొండల్లోకి పోయే మట్టిదారి చివర ఒక మలుపుంది. శుక్రవారం సెలవుకి కొండెక్కే సైకిళ్ళవాళ్ళు దానికి పెట్టిన పేరు అత్తగారి మలుపు. మొదట్లో చల్లగా పలకరిస్తుంది, నడుమ గొంతు పెంచుతుంది, చివరికొచ్చేసరికి ఊపిరి పీల్చుకోనివ్వదు. దాటినవాడికి పైన కొట్లో చాయ్. దాటలేనివాడికి పైనుంచి హాయ్.

డాక్టర్ హోర్మొజ్‌కి ఏళ్ళ తరబడి హాయే దక్కింది. ప్రతి శుక్రవారం సరిగ్గా ఒకే బండరాయి దగ్గర సైకిలు దిగి, నడుం మీద చెయ్యేసుకుని, "ఆహా, ఇక్కణ్ణుంచి దమావంద్ శిఖరం ఎంత బాగా కనిపిస్తుందో!" అనేవాడు. అక్కణ్ణుంచి దమావంద్ కనిపించదు. మబ్బు లేని రోజున కూడా కనిపించదు. మధ్యలో ఇంకో కొండ అడ్డం. ఆ సంగతి గుంపులో అందరికీ తెలుసు. అయినా అందరూ అటే చూసి, "అవునవును, మంచు ఎంత తెల్లగా ఉందో!" అనేవారు. మా టెహరానువాళ్ళ మర్యాద అలాంటిది. ఎదుటివాడి పరువు కోసం లేని పర్వతాన్ని కూడా నిలబెడతాం.

అయితే ఇంటి దగ్గర కథ వేరు. భోజనాల దగ్గర డాక్టరుగారు ఆ మలుపును ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కే లేదు. కబాబు ముక్క నముల్తూ ఎక్కాడు, పెరుగు కలుపుకుంటూ ఎక్కాడు, ఒకసారైతే పుచ్చకాయ తింటూ ఒంటిచేత్తో కూడా ఎక్కాడు. విని విని కూతురు గొల్‌నూష్ తనూ ఒక సైకిలు కొనేసింది.

"నాన్నా, ఈ శుక్రవారం నేనూ వస్తున్నా. ఆ మలుపు మీరెలా ఎక్కుతారో కళ్ళారా చూడాలి" అంది.

హోర్మొజ్ గొంతులో పుచ్చగింజ అడ్డం పడింది.

తప్పు తన కాళ్ళది కాదని, సైకిలుదేనని ఆయన గట్టి నమ్మకం. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక తొమ్మిది. మూడు తొమ్మిదులు ఇరవయ్యేడు. ఎక్కం బాగానే ఉంది, ఎక్కడమే లేదు. పైగా ఊరందరి పళ్ళూ చూసే దంతవైద్యుడు తన సైకిలు పళ్ళు చూసుకోలేదు. వెనక చక్రాల పళ్ళన్నీ అరిగి బోసినోరు పెట్టాయి. గొలుసు సాగి వేలాడుతోంది. గేరు మీట నొక్కితే ఒకసారి వింటుంది, రెండుసార్లు వినదు, మూడోసారి అడగనిది ఇస్తుంది. ఇక అన్నీ మార్చాల్సిందే.

అలా అనుకుని గోమ్రోక్ బజారులో ఉస్తాద్ యదొల్లా సైకిళ్ళ కొట్టుకి ఫోను చేశాడు. పన్నెండు గేర్ల సెట్టు ఒక్కటే మిగిలిందట. తక్కిన సరుకు ఎక్కిన ఓడ ఏ రేవులో ఉందో ఓడకే తెలీదు.

"దాన్ని నాకోసం ఉంచుతారా ఉస్తాద్?"

"ఎంత మాట! అది మీదే అనుకోండి డాక్టరుగారూ. కొట్టూ మీదే, నేనూ మీవాణ్ణే!"

హోర్మొజ్ ఆ మాట నమ్మాడు. పుట్టి పెరిగింది టెహరానులోనే అయినా, అవసరం మనిషిని పసివాణ్ణి చేస్తుంది.

కొట్లో ఉస్తాద్ చాయ్ పోసి, గాజుబల్ల మీద సామాను పరిచాడు. ముందు మీటల సంగతి తేల్చుకోవాలి.

"పిడి తిప్పితే గేరు మారే రకం ఒకటుంది, బొటనవేలితో నొక్కే రకం ఒకటుంది. మీకేది కావాలి?"

"గతుకుల్లో పిడి దానంతటదే తిరిగిపోదూ?"

"తిరగొచ్చు. చెమట పట్టిన చెయ్యి జారొచ్చు కూడా. నన్నడిగితే వేలితో నొక్కేదే మేలు. మీట నొక్కినప్పుడు మాట వినాలి."

"మా ఇంట్లో ఏ మీటా నా మాట వినదు ఉస్తాద్. ఇదైనా వింటే చాలు" అన్నాడు హోర్మొజ్. తరవాత పళ్ళచక్రాల దొంతర చేతిలోకి తీసుకున్నాడు. పన్నెండు చక్రాలు, గిన్నెలో గిన్నె పెట్టినట్టున్నాయి. అన్నిటికన్నా పెద్దది పళ్ళెమంత ఉంది. "దీన్నేనా క్యాసెట్ అంటారు?"

"అదే. పాటలుండవు గానీ పాట్లు తగ్గుతాయి. ఆ పెద్ద చక్రానికి యాభయ్యొక్క పళ్ళు. మీ వెనక చక్రం మధ్యనున్న పాత హబ్బుకే సరిపోయే రకం."

"యాభయ్యొక్కటా! మనిషికి ముప్ఫయ్ రెండే. వాటికే నాకింత గిరాకీ!"

ఉస్తాద్ నవ్వి, డిరైలర్ తీసి చూపించాడు. గొలుసును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి తోసే చెయ్యి అది. "ఒక్క విషయం గుర్తుంచుకోండి. మీటా, ఈ చెయ్యీ ఒకే ఇంటివై ఉండాలి. టిక్కుమన్నప్పుడు మీట తీగను ఎంత లాగుతుందో, ఈ చెయ్యి దానికి తగ్గట్టే జరగాలి. కొత్తదానికి పాతది తగిలించారా, ఒకడు రమ్మంటే ఇంకొకడు పొమ్మంటాడు. గొలుసు ఎటూ కాకుండా మధ్యలో ఏడుస్తుంది. విడదియ్యకూడని సంసారం ఇది."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒక భారీ మనిషి లోపలికొచ్చాడు. నెరిసిన బుర్రమీసాలు, మోచేతికి సైకిలు హెల్మెట్టు.

"సలాం ఉస్తాద్. నేను బొర్జూని. పొద్దున ఫోను చేశా కదా, పన్నెండు గేర్ల సెట్టు నాదే అనుకోమన్నారు..."

ఉస్తాద్ యదొల్లా మొహంలో రంగు మారింది. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి ఇద్దరికీ అవునని చెప్పాడు. ఇప్పుడు ఎవరికి కాదనాలో తెలియక, "ఈ డాక్టరుగారూ దానికోసమే వచ్చారు" అని గొణిగి, ఇంకో గ్లాసు చాయ్ పొయ్యడానికి వెనక్కి తిరిగాడు. చాలాసేపు పోస్తూనే ఉన్నాడు.

ఇక మొదలైంది. దీన్ని మా వాళ్ళు తారోఫ్ అంటారు. లోపల "నాది" అని ఉన్నప్పుడు బయటికి "మీది" అనడం. ఎదుటివాడు రెండుసార్లు వద్దంటాడు, మూడోసారి ఒప్పుకుంటాడు. అలా అని పద్ధతి. కానీ ఇద్దరూ ఆరితేరినవాళ్ళయితే ఆ మూడోసారి ఎప్పటికీ రాదు.

"మీరే తీసుకోండి బొర్జూగారూ. నాకేం తొందర లేదు."

"ఎంతమాట! మీరు ముందొచ్చారు. పైగా డాక్టరుగారు."

"మీరు ముందు ఫోను చేశారు."

"మీ పాత సైకిలు ఇబ్బంది పెడుతోందేమో!"

"అబ్బే, వెన్నలా పోతోంది" అన్నాడు హోర్మొజ్, గుండె వెన్నలా కరిగిపోతుండగా. "మీరు కొండెక్కాలేమో!"

"కొండా? మెట్లెక్కడం కూడా మానేశాను" అన్నాడు బొర్జూ, కొండంత ఆశ మీసాల కింద దాచుకుని.

చాయ్ చల్లారింది. ఎవరూ తగ్గలేదు. ఆఖరికి హోర్మొజ్ తన బ్రహ్మాస్త్రం తీశాడు. ఎదుటివాడు ఒప్పుకోవడానికే వీల్లేనంత అర్థంలేని మర్యాద చేస్తే, అతను కంగారుపడి కాదంటాడు, అప్పుడు తను ఎలాగోలా లొంగిపోవచ్చు.

"పోనీ, కనీసం మీటా గొలుసూ అయినా మీరు తీసుకోకపోతే నా మనసు ఒప్పుకోదు."

బొర్జూ క్షణం బిక్కచచ్చిపోయాడు. ఇంత పెద్దమనిషి మాట కాదంటే ఏమనుకుంటాడో! చేతులు గుండెకు ఆనించుకుని వంగాడు. "మీ మాట తోసెయ్యలేను డాక్టర్. అయితే క్యాసెట్టూ డిరైలరూ మీరు తీసుకోవాలి. అది నా మాట."

ఇద్దరి మొహాల్లోనూ చిరునవ్వు వెలిగింది. ఇద్దరి కడుపుల్లోనూ దీపం ఆరిపోయింది. ఉస్తాద్ చెప్పిన విడదియ్యకూడని సంసారం ఆయన కళ్ళముందే రెండు సంచుల్లో సర్దుకుని చెరో దారి పట్టింది. "మీ చెయ్యి నొప్పెట్టకుండా ఉండాలి" అని, మావాళ్ళు కృతజ్ఞత చెప్పే పద్ధతిలో ఒకరికొకరు దీవెనలిచ్చుకుని, తలుపు దగ్గర ముందెవరు బయటికెళ్ళాలో తేలక మరికాసేపు నిలబడ్డారు.

గురువారం ఇంటి వరండాలో హోర్మొజ్ తన సగం సంసారాన్ని సైకిలుకి బిగించాడు. పాత మీట, పాత గొలుసు, కొత్త క్యాసెట్టు, కొత్త డిరైలరు. తొక్కి చూశాడు. కటకట, పటపట.

"నాన్నా, మీ సైకిలు పళ్ళు కొరుకుతోంది" అంది గొల్‌నూష్. కాలేజీలో యంత్రాల చదువు చదువుతోందేమో, చూడగానే కనిపెట్టేసింది. "దీని మీట ఏది?"

జరిగింది చెప్పక తప్పలేదు. గొల్‌నూష్ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో నాన్నా! చాయ్ కాచే సమోవార్ మీరుంచుకుని దాని కొళాయి ఆయనకిచ్చారన్నమాట!"

"నవ్వకు. ఆయన ఒప్పుకుంటాడని ఎవరికి తెలుసు?" అన్నాడు హోర్మొజ్. తరవాత కొంచెం గొంతు తగ్గించి, "రేపు ఆ మలుపు దగ్గర కాసేపు ఆగుదాంలే. అక్కణ్ణుంచి దమావంద్ చాలా బాగుంటుంది" అన్నాడు.

శుక్రవారం పొద్దున గుంపు ముందుకెళ్ళిపోయింది. తండ్రీ కూతుళ్ళు వెనక. డాక్టరుగారి సైకిలు దారిపొడుగునా ఎక్కిళ్ళు పెడుతూ, గొలుసు రెండుసార్లు జారవిడిచి, ఎట్టకేలకు అత్తగారి మలుపు మొదట్లో బండరాయి దగ్గర ఆగింది. హోర్మొజ్ దిగి, అలవాటు ప్రకారం నడుం మీద చెయ్యేసుకున్నాడు. "ఆహా..."

"ఎక్కడ నాన్నా?" అంది గొల్‌నూష్. "కొండ తప్ప ఏం కనిపించట్లేదే?"

హోర్మొజ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇంతలో బండరాయి అవతలి పక్కనుంచి ఒక గంభీరమైన గొంతు, "ఎందుకు కనిపించట్లేదమ్మా! మంచు ఎంత తెల్లగా ఉందో!" అంది.

రాయి చుట్టూ తిరిగి చూస్తే బుర్రమీసాలు. బొర్జూ! పక్కనే సైకిలు పడుకోబెట్టి, తనూ దమావంద్ చూస్తున్నాడు.

"మెట్లు కూడా ఎక్కనన్నారు కదా?"

"మీ సైకిలు వెన్నలా పోతోందన్నారు కదా?"

ఇద్దరూ నేలచూపులు చూశారు. బొర్జూ సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. మీట, తీగ, గొలుసు. "నాకిది దక్కించుకున్న సంతోషం లేదు డాక్టర్. మీరెక్కడైనా ఎదురైతే ఇచ్చేద్దామని మోసుకు తిరుగుతున్నా. తీసుకోండి."

"అయ్యో, వద్దు వద్దు, అది మీది..." హోర్మొజ్ నోరు దానంతటదే అనేసింది.

"ఇటివ్వండి అంకుల్" అని గొల్‌నూష్ పొట్లం లాక్కుంది. సంచిలోంచి పనిముట్లు తీసి, పాత మీట విప్పి, కొత్తది బిగించి, తీగ ఎక్కించి, గొలుసు మార్చింది. పెద్దవాళ్ళిద్దరూ పక్కన నిలబడి, "శ్రమ పడకమ్మా" అని ఒకళ్ళ తరవాత ఒకళ్ళు అంటూనే ఉన్నారు. సైకిలు వెనక భాగం ఎత్తి పెడలు తిప్పితే, టిక్కుమన్నప్పుడల్లా గొలుసు ఒక్కో చక్రం ఎక్కుతూ, చివరికి ఆ పళ్ళెమంత చక్రం మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

"అయింది. నేను పైకెళ్ళి చూస్తుంటా" అని గొల్‌నూష్ తన సైకిలెక్కి, ఆ మలుపును అనాయాసంగా దాటిపోయింది.

కింద ఇద్దరు మనుషులు, పనిచేసే సైకిలు ఒకటి.

"ఎక్కండి బొర్జూగారూ. మీట మీది."

"క్యాసెట్టు మీది. మీరెక్కండి."

"పెద్దవారు!"

"నేనా? మీకే నెరిసిన వెంట్రుకలెక్కువ!"

అలా అనుకుంటూనే ఇద్దరూ సైకిలుకి చెరోపక్కా చెయ్యేసి తోసుకుంటూ నడవసాగారు. పన్నెండు గేర్లు కొత్తగా తొడుక్కున్న సైకిలు, మధ్యలో పెళ్ళికొడుకులా ఖాళీ సీటుతో ఊరేగుతోంది. పైనుంచి గొల్‌నూష్ గొంతు వినపడింది.

"నాన్నా! మీరు సైకిలెక్కుతున్నారా, సైకిల్ని కొండెక్కిస్తున్నారా?"

హోర్మొజ్ ఆగిపోయాడు. పైకి చూశాడు. కూతురు రెండు చేతులూ ఎండకు అడ్డం పెట్టుకుని ఎదురుచూస్తోంది. పుచ్చకాయ తింటూ ఎక్కిన నాన్న కోసం.

"డాక్టర్, నా మీద ఒట్టు, మీరెక్కండి" అన్నాడు బొర్జూ, అలవాటుగా.

హోర్మొజ్ ఊపిరి పీల్చుకున్నాడు. "సరే. ఎక్కుతాను."

బొర్జూ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అతని జీవితంలో ఒక మాట అన్న వెంటనే పనిచెయ్యడం అదే మొదటిసారి.

హోర్మొజ్ సైకిలును వెనక్కి తిప్పాడు. మళ్ళీ బండరాయి దగ్గరికే వెళ్ళాడు. మధ్యలోంచి ఎక్కితే అది ఎక్కినట్టు కాదు. మీట నొక్కాడు, పెద్ద చక్రం మీదికి గొలుసు వచ్చింది, తొక్కాడు. తాబేలుకి దారివ్వాల్సినంత నెమ్మదిగా పోతోంది సైకిలు. అయినా పోతోంది. గొంతు పెంచే చోట పెంచనిచ్చాడు. ఊపిరాడని చోట ఊపిరి లేకుండానే తొక్కాడు. తేరుకున్న బొర్జూ పక్కనే పరిగెత్తుతూ, "నొక్కకండి! మీట ముట్టుకోకండి! అంతకన్నా పెద్దది లేదు!" అని అరుస్తున్నాడు.

చివరి రాయి మీద ముందుచక్రం ఊగింది. హోర్మొజ్ కళ్ళు మూసుకుని ఒక్కటే తొక్కు తొక్కాడు. కళ్ళు తెరిచేసరికి నేల చదునుగా ఉంది. చాయ్ కొట్టు బల్లల మీదినుంచి గుంపంతా లేచి చప్పట్లు కొట్టింది. ఈసారి మర్యాదకి కాదు.

సైకిలు దిగాడు. కూతురి భుజం పట్టుకున్నాడు. "అమ్మాయ్... ఇంతకుముందెప్పుడూ నేనిది..."

"తెలుసు నాన్నా" అంది గొల్‌నూష్, ఆయన చేతికి చాయ్ గ్లాసు అందిస్తూ. "నేను పైకి రాగానే అందరూ అదే అడిగారు. దమావంద్ ఎలా కనిపించిందమ్మా అని."

హోర్మొజ్ చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని చాయ్ గుటకేశాడు. పళ్ళ డాక్టరు చెయ్యకూడని పనే, కానీ ఇవాళ అన్నీ చెల్లుతాయి. వెనకాలే రొప్పుతూ బొర్జూ చేరాడు. చూపంతా సైకిలు మీదే.

"ఇక మీ వంతు. తీసుకెళ్ళి రాయి దగ్గర్నుంచి ఎక్కి రండి" అన్నాడు హోర్మొజ్.

"అయ్యో, ఎంతమాట! నాకెందుకండీ, వద్దు!" అన్నాడు బొర్జూ చెయ్యి గుండెకు ఆనించుకుని.

"సరే" అని హోర్మొజ్ సైకిలు తిప్పుకుని, కొట్టు గోడకి ఆనించడానికి నడిచాడు.

రెండడుగులు పడ్డాయి. తరవాత బుర్రమీసాలు వెనకాలే పరిగెత్తుకొచ్చాయి.

"ఆగండి డాక్టర్, ఆగండి! ఇదేం అన్యాయం! మీరింకా ఒక్కసారే అడిగారు!"