ఓబులమ్మ చెప్పిన చరణం

పెనుకొండ చుట్టుపక్కల క్రైస్తవ సంఘాల్లో ఎవరు కన్నుమూసినా ఆ పాటే పాడతారు. చర్చి పాటల పుస్తకంలో దాని కింద ‘ఉలిగప్ప’ అని అచ్చయింది. అందులో సగమే నిజం. రాగం ఉలిగప్పది, మాటలు ఆయన భార్య ఓబులమ్మవి. చదువు రాని ఓబులమ్మ శనక్కాయలు వొలుస్తూ ఒక్కో మాటా చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. పేరు మాత్రం తనొక్కడిదే వేయించుకుని, ‘పాట ఉలిగప్ప’ అని జనం పిలుస్తుంటే తెగ మురిసిపోయాడు. దాన్ని ఓబులమ్మ పట్టించుకోలేదు. ఆమె బాధ వేరే.

నాలుగేళ్ల కూతురు జ్వరంతో పోయిన ఏడాది కట్టిన పాట అది. మూడో చరణం ఓబులమ్మ ఇలా చెప్పింది:

‘పిలిస్తే పలుకుతానంటివే, నా బిడ్డ పిలిచిననాడు యాడుంటివయ్యా.’

అచ్చుకు ఇచ్చే ముందు ధర్మవరంలో ఒక పాస్టరు దాన్ని చూసి, దేవుణ్ణి నిలదీసే మాట పాటలో ఉండకూడదన్నాడు. ఉలిగప్ప ఎదురు చెప్పలేదు. ఇంటికెళ్లి ఆమెను అడగాలని కూడా అనుకోలేదు. అక్కడికక్కడే కొట్టేసి, ‘నీవు చేసినదెల్లా మేలే, నీకే స్తోత్రమయ్యా’ అని రాసిచ్చి బస్సెక్కాడు.

అది మొదలు నలభై ఏళ్లు, చర్చిలో ఆ చరణం వచ్చేసరికి ఓబులమ్మ నోరు మూసుకునేది. ఉలిగప్ప చూసీ చూడనట్టు ఉండిపోయేవాడు. ఇవాళ కాకపోతే రేపు, తప్పయిపోయిందని చెబుదాం అనుకుంటూనే ముసలివాడయ్యాడు.

ఇప్పుడు ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. హిందూపురం ఆస్పత్రిలో ఎనిమిది రోజులుగా ఆయన మంచం పక్కనే కూర్చుని అడుగుతున్నాడు.

“తప్పు చేసినాను మే. నా మింద ఇంకా కోపముండాదా? తిట్టయినా సరే, ఒక్క మాట చెప్పు.”

ఆమె పెదవులు కదిలేవి. మాట వచ్చేది కాదు. ఆ ఒక్క మాట వినకుండా ఆమెను సాగనంపాల్సి వస్తుందేమోనని ఆయనకు ఒకటే భయం.

తొమ్మిదో రోజు పొద్దున నర్సు శోభారాణి చెప్పింది.

“తాతా, మాట పోయినోళ్లకు ఒక్కోసారి పాట వస్తాది. అవ్వకు బాగా తెలిసిన పాట ఏదన్నా ఎత్తుకో, చూద్దాం.”

ఉలిగప్పకు వేరే పాట తట్టలేదు. దాన్నే ఎత్తుకున్నాడు. వాళ్ల సంఘాల్లో ఒకరు ముందు పాడితే మిగిలినవాళ్లు ఆ చరణాన్నే తిప్పి పాడతారు. ఆయన పాడి ఆగగానే ఓబులమ్మ తిప్పి పాడింది. తడబాటు లేదు, మాటకు మాట. శోభారాణి నోరెళ్లబెట్టింది. ఉలిగప్ప ఆనందానికి పట్టపగ్గాలు లేవు. రెండో చరణం కూడా అయింది. మూడోది ఎత్తుకోబోయి ఆయన ఆగిపోయాడు. ఏది పాడాలి?

ఆయన ఆగితే ఓబులమ్మే ఎత్తుకుంది. తను చెప్పిన చరణమే, ఒక్క మాట పొల్లుపోకుండా పాడింది. పాడి, ఆయన ముఖంలోకి చూస్తూ ఊరుకుంది.

తిప్పి పాడతాడని చూస్తోంది. ఉలిగప్ప నోరు తెరిచాడు. ఏడుపు వచ్చింది గాని పాట రాలేదు. ఆమె మళ్లీ అదే పాడింది, మళ్లీ చూసింది. ఆయన ఆమె చేయి పట్టుకుని వెక్కుతూ ఉండిపోయాడు. ఓబులమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా పాడలేదు. ఆదివారం తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

సమాధి దగ్గర ఆ పాటే ఎత్తుకోమని అందరూ ఉలిగప్పను అడిగారు. రెండు చరణాలు జనమంతా తిప్పి పాడారు. మూడోది ఆయన ఓబులమ్మ చెప్పినట్టే పాడాడు. ఆస్పత్రిలో రాని గొంతు ఇప్పుడు వచ్చింది. పుస్తకాలు పట్టుకున్నవాళ్లు పేజీలోకి చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఆ మాట లేదు. ఉలిగప్ప వాళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ పాడాడు. ఎవరూ తిప్పి పాడలేదు.